వాడని గొట్టమును కోయుటకు ముందు

పాత యింటికి మరమ్మతు తలపెట్టిన గృహస్థునకు, మేడమీద నీటితొట్టి ప్రక్కను గాని, పెరటి గోడవారను గాని, నిటారుగా నిలిచియుండి, ఏ పనికిని వచ్చుచున్నట్లు కనబడని గొట్టమొకటి కంటబడక మానదు. గోడలకు సున్నము వేయించినప్పుడు దానికిని ఒక పూత పడును. బట్టలారవేయు తీగకు అది యొక కొసగా నుపకరించును. అంతకు మించి దానిని గూర్చి యింటిలో ఆలోచించువారుండరు. అయితే పై యంతస్తు లేపవలెననియో, సౌరఫలకములు అమర్చవలెననియో, వానకు స్లాబు కారుచున్నదనియో మేస్త్రి వచ్చి చూచిన దినమున, ఆతని చూపు మొట్టమొదట దానిమీదనే పడును. "ఇది వాడకంలో లేదు కదండీ, కోసేద్దామా?" అని ఆతడడుగును. యజమాని ఒకమారు తల యెత్తి చూచి, "కోసెయ్యవయ్యా" అనును. ఆ ప్రశ్నకును ఈ యుత్తరమునకును నడుమ జరుగవలసిన విచారణ ఇంచుమించుగా ఏ యింటను జరుగుట లేదు. జరుగకపోవుట వలన కలుగు కీడు మాత్రము, కోయుమన్నవానికంటె కోసినవానికే యెక్కువగా చెందుచున్నది గనుక, ఇది యొక యింటి సొంత వ్యవహారమని ఊరకుండుటకు నా మనస్సొప్పుట లేదు.

మన యిండ్లలోని యిట్టి గొట్టములు ముఖ్యముగా రెండు వంశములవి. ఒకటి వంటింటి పొగగొట్టము, రెండవది మరుగుదొడ్డి సెప్టిక్ ట్యాంకునకు పెట్టిన గాలిగొట్టము. మొదటిది కట్టెల పొయ్యితో పుట్టి, దానితోడనే తన పని ముగించుకొన్నది. రెండవది రేయింబవళ్లు పని చేయుచున్నను చప్పుడు చేయదు, పొగ చూపదు, కదలదు. కావున చచ్చినదానివలె కనబడును. కొన్ని దశాబ్దములకు పూర్వము కట్టిన పెక్కు యిండ్లలో ఈ రెండును ఒకే బూడిదరంగు సిమెంటు గొట్టములై, ఇంచుమించు ఒకే లావు గలవై, తలపై ఒకే తీరు గొడుగు ధరించియుండుట వలన, వాకిట నిలిచి పైకి చూచువానికి వాని భేదము తెలియదు. గొట్టమునకు రెండు కొసలు గలవు. మనము పై కొసను చూచి తీర్పు చెప్పుచున్నాము. సాక్ష్యమంతయు క్రింది కొసలో నున్నది.

పొగగొట్టమును ముందుగా తలచుకొనుట న్యాయము; ఏలయన అది గృహిణుల పక్షమున నిలిచి పనిచేసిన వస్తువు. తుమ్మకట్టెలు, సరుగుడు పుల్లలు, పిడకలు రాజవేసి, ఊదుగొట్టముతో ఊది యూది, కన్నుల నీరు కొంగుతో నొత్తుకొనుచు రెండుపూటల వంట గావించిన తల్లుల కష్టమును, తలవ్రాత యని వదలక, పరిష్కరింపదగిన శాస్త్ర సమస్యగా చేపట్టినవారు మన దేశమున కొందరు కలరు. వార్ధాలోని మగన్‌వాడియందు 1947 ప్రాంతమున మగన్ చుల్హా యను మెరుగైన పొయ్యి రూపొందినది. మన హైదరాబాదు నగరమున, ఇంజనీరింగు పరిశోధనాలయమునకు సంచాలకులైన డాక్టరు ఎస్.పి. రాజుగారు, మట్టితోనే కట్టుకొనదగి, పలు పాత్రలను ఒక్కమారే యెక్కించుటకు వీలై, పొగను గొట్టము ద్వారా వెలికి పంపు పొయ్యినొకదానిని సిద్ధము చేసి, 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అను పుస్తకము ద్వారా దాని నిర్మాణమును లోకమునకు తెలియజేసిరి. ఆ పరిశోధనాలయపు పేరిటి తొలి యక్షరములనుబట్టి దానికి హెర్ల్ చుల్హా యను పేరు నిలిచినది. ఆ తరువాత 1980 దశకమున కేంద్ర ప్రభుత్వము మెరుగైన పొయ్యిల పథకమును దేశమంతట చేపట్టగా, పొగలేని పొయ్యి యనునది పల్లెటూళ్లకు కూడ పరిచితమయ్యెను. వేడెక్కిన పొగ చుట్టునున్న గాలికంటె తేలికయై గొట్టమున పైకెగయుచు, తన వెనుక క్రొత్త గాలిని పొయ్యిలోనికి లాగుకొనును. ఇంతటి సులభమైన ప్రకృతి ధర్మమును ఆశ్రయించి, ఏ యంత్రమును లేక, ఏ వెచ్చమును లేక, ఆ గొట్టము ఎందరి కన్నులను, ఎందరి ఊపిరితిత్తులను కాపాడినదో లెక్కించినవారు లేరు.

పిదప గ్యాసు వచ్చినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో మొదలైన దీపం పథకమును, దేశమంతటికి 2016లో వచ్చిన ఉజ్జ్వల పథకమును, వానికి ముందే పట్టణములలో ప్రాకిన సిలిండరును, వంటింటి రూపమునే మార్చివైచినవి. మట్టిపొయ్యి తీసివేసి దాని చోట నల్లరాతి గట్టు కట్టిరి. గొట్టపు క్రింది మూతికి ఒక రేకుముక్క అడ్డుపెట్టి సిమెంటు మెత్తిరి. పై మూతి సంగతి ఎవరికిని తట్టలేదు. నాకు తెలిసిన పాత యిండ్లలో నిది సర్వసాధారణముగా జరిగిన కథ.

క్రింద మూసి పైన తెరచిన పొగగొట్టము ఊరకుండదు. గొడుగు విరిగిన నాటినుండి వాననీరు లోనికి దిగును; ఆ నీరు లోపల పేరుకొన్న మసిని కరగించుకొని, గోడ పగుళ్ల వెంట దిగి, వంటింటి సున్నముపై గోధుమరంగు మరకలుగా తేలును. ఎన్ని పూతలు వేసినను ఆ మరక మరల పైకి వచ్చుచుండుట చూచి, స్లాబు కారుచున్నదని భ్రమించి, మేడపై రసాయనముల పూతకు వేలకు వేలు ధారపోసినవారు కలరు; కారణము ఆ గొట్టపు నోట నున్నదని చెప్పువాడు వారికి దొరకలేదు. గోరువంకలు పుల్లలు తెచ్చి గూడు పెట్టును; కందిరీగలు తుట్టె కట్టును; ఎలుకల వెంబడి పాము వచ్చుటయు అరుదు కాదు. ఇక మసి యనునది మనము తలచునంత సాధువైన పదార్థము కాదు. లండను నగరమున పెర్సివల్ పాట్ అను శస్త్రవైద్యుడు 1775లోనే, బాల్యము నుండి పొగగొట్టములలో దూరి మసి దులుపు పనివారికి ఒక విధమైన పుట్టకురుపు వచ్చుచున్నదని గుర్తించెను. ఒక వృత్తి వలన కాన్సరు కలుగునని లోకము తెలిసికొన్నది ఆ గొట్టముల మూలముననే. కావున పాత మసిని వట్టిచేతులతో, మూతికి గుడ్డ యైన లేక, చీపురుతో దులిపింపరాదు. దానిని తడిపి తీయింపవలెను.

ఈ గొట్టము విషయమున గృహస్థులకు కలుగు ఒక ప్రలోభమును గూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. దారి సిద్ధముగా నున్నది గదా, క్రొత్త వంటింటి కరెంటు చిమ్నీని దానికి తగిలింతమనియు, ప్రక్కనున్న స్నానాలగదిలోని గ్యాసు గీజరు పొగను దానిలోనికి పంపుదమనియు పలువురకు తోచును. మొదటిది మంచి ఆలోచన కాదు. గరుకైన పాత గొట్టపు గోడలకు నూనెజిడ్డు పట్టి, ఎండిన మసితో కలిసి, నిప్పంటుకొనుటకు అనువుగా నుండును. రెండవది ప్రాణాంతకము. గ్యాసు సరిగా మండనిచోట పుట్టు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది నెత్తురులోని హిమోగ్లోబినును ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. గొట్టము నడుమ గోరువంక గూడొకటి యడ్డుపడియున్నచో ఆ వాయువు పోవలసిన దారిని పోక, తలుపు గడియ వేసికొని స్నానము చేయుచున్న మనుష్యుని గదిలోనికే తిరిగివచ్చును. తల తిరిగినట్లు తోచుటకును, స్పృహ తప్పుటకును నడుమ తలుపు తీయు వ్యవధి యైన చిక్కకపోవచ్చును. గీజరునకు వేరుగా, సూటిగా, వెలికి తెరచుకొను క్రొత్త గొట్టమే కావలెను. ఈ విషయమున మినహాయింపు లేదు.

ఇప్పుడు రెండవ వంశమునకు వత్తము. సెప్టిక్ ట్యాంకులో మలము గాలి తగులని చోట కుళ్లుచుండగా మీథేను, బొగ్గుపులుసు గాలి, కుళ్లిన కోడిగ్రుడ్డు కంపు కొట్టు హైడ్రోజన్ సల్ఫైడు మున్నగు వాయువులు ఎడతెగక పుట్టుచుండును. వానికొక దారి కావలెను. భారతీయ ప్రమాణముల సంస్థ సెప్టిక్ ట్యాంకులకై నిర్ణయించిన ఐ.ఎస్. 2470 అను నియమావళి, ప్రతి ట్యాంకునకును కనీసము 50 మిల్లీమీటర్ల వ్యాసము గల గాలిగొట్టము ఉండితీరవలెననియు, దాని తలకు దోమలు దూరని తీగవల బిగింపవలెననియు చెప్పుచున్నది. ట్యాంకు ఇంటికి 15 మీటర్లకంటె దగ్గరగా నున్నచో ఆ గొట్టము ఇంటి పైకప్పునకు ఇంకను 2 మీటర్లు ఎత్తునకు పోవలెననియు అదియే విధించుచున్నది. మన పట్టణములలో ట్యాంకునకు 15 మీటర్ల యెడము గల యిల్లెక్కడ? ఇంచుమించు అన్ని యిండ్లకును ఆ రెండు మీటర్ల నియమమే వర్తించును. పై యంతస్తు కట్టినవాడు ఇల్లు పదియడుగులు లేపి, గాలిగొట్టమును మాత్రము పాత యెత్తుననే వదలివేయగా, క్రొత్త పడకగది కిటికీ సరిగా దాని నోటియెదుట వచ్చిన యిండ్లను నేను చూచియున్నాను. ఆ గదిలోనివారు వాసనకు కారణము తెలియక అగరువత్తులు వెలిగించుకొనుచుందురు.

గాలిగొట్టమునకు మఱియొక పని కలదు. మరుగుదొడ్డి పళ్లెము క్రింది వంపులో రెండంగుళముల మేర నీరు నిలిచి, ట్యాంకు గాలి యింటిలోనికి రాకుండ అడ్డుకొనుచుండును. లండనులో గడియారములు చేయు అలెగ్జాండర్ కమింగ్ అనునాతడు ఆ వంపు గొట్టమునకు హక్కుపత్రము పొందినది కూడ, చిత్రముగా, ఆ 1775వ సంవత్సరముననే. పై యంతస్తునుండి నీరు ఒక్కుమ్మడిగా దిగునప్పుడు గొట్టములలో గాలి యొత్తిడి మారును. ఆ మార్పును సరిపెట్టుటకు గాలి వచ్చిపోవు దారి లేనిచో వంపులోని నీరు పీల్చివేయబడును. గడగడమని శబ్దము వినబడును. పిమ్మట కంపు బయలుదేరును. గాలిగొట్టము కోసి బిరడా కొట్టిన యింటిలో జరుగునది యిదియే. అయితే శబ్దము క్రింది గదిలో వినబడుటయు, బిరడా మేడపై నుండుటయు వలన ఒకదానికి మఱియొకటి కారణమని తోచక, ప్లంబరును పిలిచి మరుగుదొడ్డి పళ్లెమునే మార్పించుచున్నారు.

అంతకంటె పెద్ద కీడు ట్యాంకు లోపల నున్నది. వెలికి పోలేని వాయువులు మూత క్రింద నిండియుండును. మీథేను గాలిలో నూటికి 5 మొదలు 15 వంతుల వఱకు కలిసియున్నప్పుడు నిప్పురవ్వ తగిలినచో ప్రేలును. హైడ్రోజన్ సల్ఫైడు అధికమైనచో ముక్కునకు దాని వాసనను గుర్తించు శక్తియే నశించును. కంపు లేదు గదా యని దిగినవాడు తిరిగి రాడు. తగిన రక్షణ సాధనములు లేక మనుష్యుని ట్యాంకులలోనికి దింపి శుభ్రము చేయించుటను 2013 నాటి చట్టము నిషేధించినది. అట్లు మరణించినవారి కుటుంబములకు పది లక్షల రూపాయలు చెల్లింపవలెనని 2014లోను, దానిని ముప్పది లక్షలకు పెంచి 2023లోను సర్వోన్నత న్యాయస్థానము ఆదేశించినది. ఆదేశములు వచ్చుచున్నను చావులు ఆగలేదు. పెరటిలోని ట్యాంకు మూత తీయువాని ముఖమునకు మొదట తగులు గాలి యెంత విషపూరితమో నిర్ణయించువానిలో, మేడపై మనము ఆజ్ఞాపించి కోయించిన ఆ గొట్టమొకటి.

ఇన్ని చెప్పిన తరువాత ఒక సత్యమును దాచరాదు. అన్ని మరుగుదొడ్లకును గాలిగొట్టము అక్కరలేదు. బిందేశ్వర్ పాఠక్ గారు 1970 నుండి ప్రచారమునకు తెచ్చిన సులభ్ పద్ధతిలోను, ఆ తరువాత స్వచ్ఛభారత్ పథకమున పల్లెలలో విరివిగా కట్టిన జంట గుంటల పద్ధతిలోను, గుంటల గోడలకు విడిచిన రంధ్రముల గుండ వాయువులు చుట్టునున్న మట్టిలోనికి ఇంకిపోవును గనుక గొట్టము నిష్ప్రయోజనము. అలవాటు చొప్పున మేస్త్రీలు అక్కడ కూడ నొక గొట్టము నిలిపినారు. అట్టిది నిజముగా వాడుక లేనిదే. దానిని మూసివేసినను నష్టము లేదు. కావున గొట్టమును చూచి గాక, దాని క్రిందనున్నదానిని చూచి నిర్ణయింపవలెనని మరల చెప్పుచున్నాను.

ఆ క్రిందనున్నది ఏదో తెలిసికొనుట కష్టము కాదు. గొట్టమును పైనుండి నేల వఱకు కంటితో అనుసరింపవలెను. గోడలో మాయమైన చోట ఆవలి ప్రక్కన వంటిల్లున్నదా, మరుగుదొడ్డి యున్నదా చూడవలెను. ఇల్లు కట్టిననాటి పెద్దలెవరైన జీవించియున్నచో వారినడుగుట అన్నిటికంటె మేలు. సందేహము తీరనిచో సాయంకాలమున గొట్టపు నోటికి పలుచని వలగుడ్డ కట్టి, తెల్లవారి చూడవలెను. గుడ్డ లోపలివైపున దోమలు వ్రాలియున్నచో ఆ గొట్టము ట్యాంకుతో సంబంధము కలదే. క్రింద బకెట్టెడు నీరు ఒక్కసారి పోయించి, పైన కాగితపు పీలికను పట్టి అది కదలునేమో చూచుట మఱియొక ఉపాయము. అగ్గిపుల్ల వెలిగించి గాని, అగరువత్తి పెట్టి గాని పరీక్షింపకుడు. కారణము పైన చెప్పియే యున్నాను.

దోమల ప్రసక్తి వచ్చినది గనుక ఒక్కమాట. మురుగునీట పెరుగు క్యూలెక్స్ దోమ బోదకాలు వ్యాధిని మోయునది. గోదావరి జిల్లాల వారికి ఆ వ్యాధి యెట్టిదో తరతరములుగా తెలియును. ట్యాంకులో పుట్టిన దోమలకు వెలికి వచ్చుటకు గొట్టపు నోరే రాజద్వారము. ఆ నోటికి ఇరువది రూపాయల వలగుడ్డ కట్టినచో వీధి వీధికంతకు మేలు. నైలాను గుడ్డ ఎండకు చివికిపోవును గావున ఏటేట మార్చవలెను. తీగవలయైన ఇంకను మంచిది. దోమలు ప్రబలినప్పుడు గొట్టమునే మూసివేయుట కొందరి వైద్యము. మూయవలసినది దోమకు గాని గాలికి కాదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయము, గొట్టము దేనితో చేయబడినది యనునది. పాత యిండ్ల బూడిదరంగు గొట్టములు పెక్కులు ఏసీ పైపులు; సిమెంటులో రాతినారను, అనగా ఆస్‌బెస్టాసును, కలిపి చేసినవి. తెలుగునేలకు ఈ పదార్థముతో గల సంబంధము గాఢమైనది. పులివెందుల ప్రాంతపు భూగర్భమున రాతినార దొరకును. హైదరాబాదు సనత్‌నగరున ఈ నారతో సిమెంటు వస్తువులు చేయు పరిశ్రమ 1940 దశకముననే వెలసినది. అక్కడి సిమెంటు రేకు క్రింద పుట్టి పెరిగిన కుటుంబములు లక్షలు. నిప్పునకు మండక, నీటికి చివుకక, చవుకగా దొరకు ఆ వస్తువును మనవారు ఆదరించుటలో తప్పు లేదు. దాని దోషము తెలిసివచ్చినది మెల్లగా. కంటికి కనబడనంత సన్నని ఆ నారపోగులు ఊపిరితో లోనికి పోయినచో శరీరము వానిని కరగించుకొనలేదు. ఇరువది, ముప్పది, నలువది సంవత్సరముల పిమ్మట ఊపిరితిత్తులు గట్టిపడుటయో, వానికి కాన్సరు కలుగుటయో, వాని పైపొరకు మీసోథీలియోమా యను మాన్పరాని కాన్సరు పుట్టుటయో సంభవించును. అన్ని రకముల రాతినారయు మానవులకు కాన్సరు కలిగించునదే యని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించి, నిశ్చిత కారకములైన మొదటి వర్గమున చేర్చినది. యూరపు దేశములు, ఆస్ట్రేలియా, జపాను దాని వాడుకను నిషేధించినవి. మన ప్రభుత్వము 1986లో క్రొత్త గనుల కౌళ్లు ఇచ్చుట ఆపివేసినను, వెలిదేశముల నుండి తెచ్చిన నారతో వస్తువులు చేయుట నేటికిని నిషిద్ధము కాలేదు.

భయపడి పరుగెత్తవలసిన పని లేదు. చెక్కుచెదరని గొట్టమున నార సిమెంటులో బంధింపబడియుండును. అది గోడకు నిలిచియున్నంతకాలము ఇంటివారికి కీడు బహుస్వల్పము. దానిని గ్రైండరుతో కోసినపుడు, సుత్తితో పగులగొట్టినపుడు, ఇనుపబ్రష్షుతో గీకినపుడు ఆ పోగులు ధూళియై లేచును. కావున ప్రమాదమును సృష్టించునది పాత గొట్టము కాదు, దానిని వదలించుకొనవలెనను మన తొందర. ఆ ధూళి మేఘమున నిలుచునది యజమాని కాదు. మూతికి తువ్వాలు చుట్టుకొని, రోజుకూలికి వచ్చిన యిరువదియేండ్ల కుఱ్ఱవాడు. తువ్వాలు ఇసుకను ఆపునేమో గాని ఆ నారపోగును ఆపజాలదు. సర్వోన్నత న్యాయస్థానము 1995లో రాతినార కార్మికులను గూర్చి చెప్పిన తీర్పున, ప్రతి కార్మికుని ఆరోగ్య పత్రములను ఉద్యోగారంభము నుండి 40 సంవత్సరములో, ఉద్యోగము మానిన పిదప 15 సంవత్సరములో, ఏది తరువాత వచ్చునో అంతవఱకు భద్రపరుపవలెనని యజమానులను ఆదేశించినది. జబ్బు అంత ఆలస్యముగా వచ్చును గనుకనే ఆ నలువది యేండ్ల గడువు. ఫ్యాక్టరీలోని పనివానికి కాగితముమీదనైన ఆ రక్షణ కలదు. మన మేడపైకి వచ్చి గొట్టము కోసి, సాయంత్రము కూలి పుచ్చుకొని, మఱునాడు మఱియొక యింటికి పోవు కుఱ్ఱవానికి ఏ పత్రము కలదు? ఆతనికి అరువదవ యేట ఆయాసము వచ్చినపుడు, ఏ యింటి మేడపై ఆ ధూళి పీల్చెనో ఆతనికే జ్ఞాపకముండదు.

ముప్పది యేండ్లుగా కోయుచున్నాము, ఎవరికేమైనదని మేస్త్రీలు అడుగుదురు. వారిది మొండితనము కాదు. కంటికి కనబడు ప్రమాదములతో నిత్యము పోరాడువారికి కనబడని ప్రమాదము నమ్మశక్యము గాకుండుట సహజము. అందుచేతనే చెప్పవలసిన బాధ్యత చదువుకొన్న యజమానిపై నున్నది. పని చేయించుకొనువాడు "వద్దు" అన్న ఒక్కమాట, వేయి హెచ్చరిక ఫలకములకంటె బలమైనది.

నా నిశ్చితాభిప్రాయము చెప్పెదను. గొట్టము సెప్టిక్ ట్యాంకుదైనచో అది పాతదైనను వికారమైనను ఉంచవలెను; ఎత్తు చాలనిచో పి.వి.సి. గొట్టము తొడిగి పెంచవలెను, వల కట్టవలెను. పొగగొట్టమై, నిజముగా వాడుక తప్పినదై, రాతినార సిమెంటుదైనచో, దానిని కదల్పకుండ ఉన్నచోటనే యుంచుట మొదటి పక్షము. పై మూతికి నీరు దిగని మూత బిగించి, క్రింది మూతిని సరిగా పూడ్పించి, బయటి ముఖమునకు రెండు పూతలు రంగు వేయించినచో, ఎండవానలకు సిమెంటు రాలి నార బయటపడుటయు ఆగును. గీకి రంగు వేయరాదు. నీటిధారతో మెల్లగా కడిగి వేయవలెను. ఇనుప పొగగొట్టమైనచో అయస్కాంతము అంటుకొనును, తట్టిన ఖంగుమనును. అట్టిదానిని నిస్సంకోచముగా తీయింపవచ్చును. అయస్కాంతము అంటక, తట్టినపుడు మొద్దుగా పలుకు పాత గొట్టమును, ఋజువు లేకున్నను, రాతినారదిగానే భావింపుడు.

తీయక తప్పనిచో, గాలి లేని వేళ చూచి, గొట్టమును బాగుగా తడిపి, గోడకు పట్టిన ఇనుపపట్టీల మరలు విప్పి, కీళ్లవద్ద ఊడదీసి, త్రాళ్లతో నిండుగా క్రిందికి దింపవలెను. పనివారికి ఆ నారపోగులను వడకట్టు పి-100 తరగతి వడపోత గల మాస్కులు యజమానియే కొని యీయవలెను. దించినదానిని దళసరి ప్లాస్టిక్ పట్టాలో చుట్టి అంచులకు అతుకుపట్టీ వేయవలెను. స్లాబులో మిగిలిన రంధ్రమును ఇటుకముక్కలు కూరి పైపైన సిమెంటు పూయక, అంచులు గరుకు చేసి, కుదించుకొనని సిమెంటు మిశ్రమముతో నింపి, పైన నీరింకని పూత వేయింపవలెను. లేనిచో తొలకరికే అక్కడ కారును.

అట్లు చుట్టిన గొట్టమును ఎక్కడ వేయవలెను? ఇచ్చట గృహస్థుడు నిస్సహాయుడు. హైదరాబాదు ప్రాంతమున జీడిమెట్లలోను, ఫతుల్లాగూడలోను కూల్చిన కట్టడముల వ్యర్థములను శుద్ధి చేయు కేంద్రములున్నవి. ప్రమాదకర వ్యర్థములకు దుండిగల్‌లోను, విశాఖ దగ్గర పరవాడలోను ప్రత్యేక స్థలములున్నవి. అవి పరిశ్రమలకు, పెద్ద గుత్తేదారులకు అందుబాటులో నున్నవే గాని, రెండు గజముల పాత గొట్టమును చేతబట్టుకొన్న భీమవరపు ఉపాధ్యాయునకో, ఖమ్మము వితంతువునకో అందునవి కావు. అందుచేత ఆ ముక్కలు చెరువుగట్టునకు, ఖాళీస్థలమునకు, తుదకు రోడ్డు గోతిలోనికి చేరుచున్నవి. అక్కడ లారీ చక్రముల క్రింద నలిగి ధూళియగుచున్నవి.

కావున రెండు తెలుగు రాష్ట్రముల పురపాలక శాఖలకును నా విన్నపమొకటి. తడిచెత్త, పొడిచెత్త వేరుచేయుట ప్రజలకు నేర్పినట్లే, పాత రాతినార రేకులను, గొట్టములను నెలకొక దినమున ప్రతి వార్డులోను రుసుము లేకుండ సేకరించి, ప్రమాదకర వ్యర్థముల కేంద్రమునకు చేర్చు ఏర్పాటు చేయుడు. కట్టడపు అనుమతి పత్రమున, పై యంతస్తు వేయువారు సెప్టిక్ గాలిగొట్టమును పెంచవలెనను నియమమును స్పష్టముగా వ్రాసి, తనిఖీ చేయుడు. అంతవఱకు పాఠకులారా, మీ మేస్త్రి గ్రైండరు తీగ ప్లగ్గులో పెట్టుచున్నచో ఒక్క నిమిషము ఆపుమనుడు. మీ గొట్టపు క్రింది కొస యెక్కడున్నదో ముందుగా వెదకుడు.